పది పౌన్ల ఇల్లు
పాత గోడల కథలు: 17వ భాగం

1896 ఏప్రిల్‌లో ఇంగ్లండులో ఒక ఇల్లు పది పౌన్లకు చేతులు మారింది. అమ్మింది చర్చి. కొన్నది అంతకు ఏడాది ముందే పుట్టిన ఒక చిన్న సంస్థ. గడ్డి కప్పు చివికిపోయి, గోడల మెత్తు రాలి, లోపలి కర్రలు బయటపడి ఉన్న కొంప అది. దానికి పది పౌన్లు కూడా దండగే అనుకున్నవాళ్లు ఊళ్లో ఉండే ఉంటారు. నిజానికి ఆ పది ఇంటి విలువ కట్టి వేసిన ధర కాదు. దస్తావేజు మీద ఏదో ఒక అంకె ఉండాలి కదా, అందుకు వేసిన అంకె. అసలు ఖర్చంతా ఆ తర్వాత ఉంది.

ఈ శీర్షికలో ఇంతవరకూ మనం తిరిగినవన్నీ పెద్దవాళ్ల గోడలే. కోటలు, దేవిడీలు, గోపురాలు, రాజుల సమాధులు. సామాన్యుడి ఇల్లు ఎక్కడ అని అడిగితే చరిత్ర సాధారణంగా తెల్లమొహం వేస్తుంది. రాయి నిలుస్తుంది, మట్టి కరుగుతుంది, కర్ర పుచ్చుతుంది. అయినా ఇంగ్లండు దక్షిణ ప్రాంతంలో ఆరు వందల ఏళ్లనాటి రైతుల ఇళ్లు, కర్రా మట్టీ గడ్డీతో కట్టినవి, ఈనాటికీ ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, వందల్లో ఉన్నాయి. అవి ఎలా నిలిచాయో చెప్పడానికి ఈ పది పౌన్ల ఇల్లే తగినది.

ఊరి పేరు ఆల్ఫ్రిస్టన్. ససెక్స్ ప్రాంతంలో కక్‌మియర్ అనే చిన్న ఏటి ఒడ్డున ఉంది. చుట్టూ సుద్దరాయి గుట్టలు. ఆ గుట్టలు కొద్ది మైళ్ల దూరంలో సముద్రం ఎదురుపడి ఒక్కసారిగా తెగిపోయిన చోట ఏర్పడ్డవే ‘సెవెన్ సిస్టర్స్’ అనే తెల్లటి చరియలు. ఊళ్లో పచ్చికబయలు, దాని మీద 14వ శతాబ్దపు సెయింట్ ఆండ్రూ చర్చి. పల్లెటూరి చర్చికి అది కాస్త పెద్దదే. ఆ చర్చి పక్కన ఒదిగి కూర్చున్నట్టుండేది మన ఇల్లు. దాని పేరు క్లర్జీ హౌస్, అంటే పాదిరిగారి ఇల్లు. పేరు అలా స్థిరపడింది కానీ దాని వాలకం మాత్రం రైతు ఇంటిది.

ఇలాంటి ఇళ్లు అక్కడ అన్ని ఎందుకు లేచాయో తెలియాలంటే ప్లేగు దాకా వెళ్లాలి. 1348లో ఆ మహమ్మారి ఇంగ్లండులో అడుగుపెట్టింది. రెండేళ్లలో మూడో వంతు జనాన్ని, కొందరి లెక్కలో సగం మందిని ఊడ్చుకుపోయింది. పొలాలు మిగిలాయి, చేసేవాళ్లు మిగల్లేదు. మిగిలిన కూలీ రేటు పెంచాడు. ప్రభువులకు అది మింగుడు పడక, పాత కూలికే పనిచేయాలని 1351లో చట్టం చేశారు. చట్టంతో కూలి తగ్గలేదు, కోపం మాత్రం పెరిగింది. ఆ కోపం 1381లో కెంట్, ఎసెక్స్ రైతుల తిరుగుబాటుగా లండన్ వీధుల్లోకి వచ్చింది. తిరుగుబాటును అణిచేశారు. కానీ నేల సంగతి అప్పటికే మారిపోయింది. చావు తప్పించుకున్న కుటుంబాలు ఖాళీ పడిన కమతాలను కౌలుకు తీసుకుని, గొర్రెలు పెంచి, నాలుగు డబ్బులు వెనకేశాయి. ఆ డబ్బుతో తాతల గుడిసెలు వదిలి గట్టి ఇళ్లు కట్టుకున్నాయి. మన ఇల్లు ఆ కాలం బిడ్డే. 14వ శతాబ్దం ముగిసి 15వది మొదలయ్యే రోజుల్లో లేచింది.

కెంట్, ససెక్స్ ప్రాంతాల నడుమ వీల్డ్ అనే పాత అడవి నేల ఉంది. బంకమట్టి నేల, ఓక్ చెట్లకు పుట్టినిల్లు. అందుకే ఆ తరహా ఇళ్లకు వీల్డెన్ ఇళ్లని పేరు వచ్చింది. వాటిని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. రెండు చివర్లా రెండంతస్తుల గదులు, పై అంతస్తు కింది గోడ కన్నా అడుగో అడుగున్నరో ముందుకు పొడుచుకుని వస్తుంది. నడుమ ఉన్న పెద్ద గది మాత్రం వెనక్కి తగ్గి ఉంటుంది. మొత్తం మీద ఒకే కప్పు. దాంతో నడిమి గది ముందు చూరు లోతుగా గాలిలో వేలాడాలి. ఆ చూరు దూలాన్ని రెండు పక్కల నుంచీ విల్లులా వంగిన కర్రలు ఎత్తి పట్టుకుంటాయి. ఇంటి ముఖంలో అందమంతా ఆ రెండు వంపుల్లోనే ఉంది.

ఇప్పుడు వడ్రంగి పని. ఇక్కడ కాస్త నిదానిస్తాను, ఎందుకంటే ఈ ఇంటి రహస్యమంతా అతని చేతిలోనే ఉంది.

మన వడ్రంగి కర్రను ఏళ్ల తరబడి ఆరబెట్టి గానీ ఉలి పెట్టడు. ఆ వడ్రంగి పచ్చి ఓక్ మీద పనిచేశాడు. కారణం తేలికే. ఎండిన ఓక్ ఇనుమంత గట్టిది, బాడిస దెబ్బకు లొంగదు. పచ్చిగా ఉన్నప్పుడు కొయ్యడం, చెక్కడం, కుసి తీయడం, బెజ్జం తొలవడం సులువు. పచ్చి కర్ర ఎండేటప్పుడు వంగుతుంది, మెలి తిరుగుతుంది. తిరగనీ అన్నాడు. మెలి తిరిగేకొద్దీ బిగిసేలా అతుకులు వేశాడు. కుసికీ బెజ్జానికీ వేసే చీల రంధ్రాలను ఎదురెదురుగా సరిగ్గా కలిపేవాడు కాదు, కొద్దిగా తప్పించి వేసేవాడు. ఓక్ చీలను సుత్తితో కొట్టి దించితే అది తప్పిన రంధ్రాల గుండా వంకరగా దూరుతూ రెండు కర్రలనూ ఒకదానిలోకి ఒకటి లాగేస్తుంది. ఇంటి చట్రంలో ఇనుప మేకు పని లేదు. ఇంగ్లండు వాన తేమకు ఇనుము తుప్పు పట్టి, పక్కనున్న కర్రను కూడా తినేస్తుందని వాళ్లకు అనుభవం మీద తెలుసు.

చట్రమంతా ముందు వడ్రంగి దొడ్లోనే నేల మీద పరిచి అతికి చూసేవారు. ఏ కుసి ఏ బెజ్జంలోకి పోవాలో తెలియడానికి రెండింటి మీదా ఒకే గుర్తు చెక్కేవారు. ఎక్కువగా రోమన్ అంకెలే, ఎందుకంటే అవన్నీ గీతలు, ఉలితో ఒక్క దెబ్బకు పడతాయి. తర్వాత విప్పి, బండ్ల మీద స్థలానికి తోలి, ఊరివాళ్ల భుజబలంతో నిలబెట్టేవారు. ఈ గుర్తులు నేటికీ అలాంటి ఇళ్లలో కనిపిస్తాయి. అలా కట్టిన ఇంటిని అలాగే విప్పనూ వచ్చు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

ఒక్క ఇంటికి ఎన్ని చెట్లు కావాలి? అడవుల చరిత్ర రాసిన ఆలివర్ రాకమ్ సఫక్ ప్రాంతంలో ఒక పాత రైతు ఇంటి కర్రలన్నీ ఓపిగ్గా లెక్కపెట్టాడు. సుమారు 330 చెట్లు తేలాయి. అంకె వినగానే అడవి నాశనమైపోయిందనిపిస్తుంది కానీ వాటిలో ఎక్కువ భాగం సన్నపాటి చెట్లే. నరికిన చోట మళ్లీ చిగురించేలా మోడులు వదిలి, వంతులవారీగా నరికేవారు. పెద్ద దూలానికి పెద్ద చెట్టు, వాసానికి చిన్న చెట్టు. చెట్టు వంకరగా ఉంటే ఆ వంకర ఎక్కడ పనికొస్తుందో చూసేవారు. పైన చెప్పిన విల్లు కర్రలు అలా సహజంగా వంగిన చెట్ల నుంచి వచ్చినవే.

కప్పు సంగతి తెలుగువాడికి చెప్పడం తేలిక. మన పూరింటికి నడుమ నేల నుంచి వెన్నుగర్ర దాకా నిట్టాడు ఉంటుంది కదా, ఆ ఇంట్లో నిట్టాడు నేల మీద దిగదు. గోడ నుంచి గోడకు వేసిన అడ్డదూలం నడుమ పొట్టిగా నిలబడి, కప్పు భారాన్ని నాలుగు పక్కలకూ చేతులు చాచి మోస్తుంది. గది నడుమ స్తంభం అడ్డు రాదు. చట్రం ఖాళీలను నింపడానికి మాత్రం మన పద్ధతే. కర్రల నడుమ తడిక అల్లి, దాని మీద బంకమట్టి, తరిగిన గడ్డి, ఆవు పేడ కలిపి తొక్కిన ముద్దను రెండు వైపులా కొట్టేవారు. ఆరాక సున్నం. పేడ ఎందుకని ఈ కాలం ఇంగ్లీషువాడికి వివరించి చెప్పాల్సి వస్తుంది, మనకు అక్కర్లేదు. సగం కర్ర, సగం మట్టి కనుక వీటిని హాఫ్ టింబర్ ఇళ్లంటారు.

లోపలికి వెళ్దాం. నడుమ పెద్ద గది, అదే హాలు. మన నోట ఇప్పుడు హాలంటే సోఫా, టీవీ. అప్పటి హాలు నేల నుంచి కప్పు దాకా ఒకే ఖాళీ. గది నడుమ నేల మీదే మంట. పొగగొట్టం లేదు. పొగ పైకి లేచి, వాసాల చుట్టూ తిరిగి, ఓపికుంటే చూరు సందుల్లోంచి బయటికి పోయేది. వండేది, తినేది, పనివాళ్లు పడుకునేది అక్కడే. కిటికీలకు అద్దాలు లేవు, నిలువు కర్ర ఊచలు, వెనక తలుపు చెక్కలు. మన మండువా లోగిలికీ నడిమి ఖాళీయే ప్రాణం, కానీ అది ఆకాశానికి తెరిచి ఉంటుంది, ఎండా వానా లోపలికి రావాలని. ఇక్కడ నడిమి ఖాళీ మీద కప్పు మూత వేసి ఉంటుంది, వేడి బయటికి పోకూడదని. చలిదేశం ఇల్లు పొగను భరించింది, వేడిదేశం ఇల్లు వానను భరించింది.

హాలుకు ఒక చివర యజమాని గది, మేడ మీద పడక. రెండో చివర రెండు కొట్లు: ప్యాంట్రీ, బటరీ. మొదటిది రొట్టెల కొట్టు, ఫ్రెంచిలో రొట్టెకున్న మాట నుంచి వచ్చింది. రెండోది వెన్న కొట్టు అనుకుంటే పొరపాటు. అది పీపాల గది. పీపాకు ‘బట్’ అని పేరు, అందులో ఇంటి బీరు.

పొగలో బతకడం ఎన్నాళ్లు? 16వ శతాబ్దంలో ఇటుక చవకైంది, పొగగొట్టాలు లేచాయి. విలియం హారిసన్ అని ఎసెక్స్ పల్లెలో ఒక పాదిరి 1577లో ఇంగ్లండు వర్ణన ఒకటి అచ్చు వేయించాడు. తమ కాలంలో వచ్చిన మార్పులు ఏవని ఊరి ముసలివాళ్లను అడిగితే వాళ్లు మూడు చెప్పారట. పొగగొట్టాలు పెరిగాయి, గడ్డి పరుపులు పోయి మంచి పక్కలు, తలగడలు వచ్చాయి, చెక్క పళ్లేలు పోయి లోహపు పళ్లేలు వచ్చాయి. ఆయన ఇంకో ముచ్చటా రాశాడు: పొగ వల్ల ఇంటి కర్ర గట్టిపడుతుందని, ఇంటి పెద్దకు రొంప రాదని పాతవాళ్లు నమ్మేవారట. మన వంటింటి అటక మీది వాసాలు చూసినవాళ్లు ఆ మొదటి సగాన్ని కొట్టిపారేయరు. పొగ పట్టిన కర్రకు పురుగు పట్టడం తక్కువ. ఈనాడు ఇలాంటి ఇంటి అటక ఎక్కి వాసాల మీద వేలు రాస్తే మసి అంటుకుంటుంది. ఆ మసిని చూసే, ఈ ఇల్లు పొగగొట్టానికి ముందుదని చరిత్రకారులు నిర్ధారిస్తారు.

మన ఇంటి సొంతదారుల కథను తొందరగా దాటేద్దాం, అందులో పెద్ద రుచి లేదు. దగ్గర్లోని మిచెల్‌హామ్ మఠం ఆధీనంలో అది పాదిరి నివాసమైంది. ఎనిమిదో హెన్రీ 1536 నుంచి దేశంలో మఠాలన్నీ రద్దు చేశాడు. మఠం పోయినా ఇల్లు చర్చి చేతిలోనే మిగిలింది. తరాలు గడిచాయి. పాదిరులకు ఆ ఇల్లు ఇరుకనిపించింది, హోదాకు తక్కువనిపించింది. వాళ్లు వేరే చోటికి మారారు. ఇంటిని రెండుగా విడగొట్టి వ్యవసాయ కూలీలకు అద్దెకిచ్చారు. అద్దె తక్కువ, మరమ్మతు సున్నా. 1880లకు వచ్చేసరికి చర్చి పెద్దలు దాన్ని కూల్చడానికి అనుమతి కూడా తీసుకున్నారు.

అప్పుడు కూల్చలేదు. అందుకు కారణం చరిత్ర మీద ప్రేమ అని రాయాలని నాకూ ఉంది. కానీ కారణం అందులో కాపురముంటున్న ఒక ముసలమ్మ. నేను పోయేదాకా ఉండనివ్వండని ఆమె వేడుకుంది. సరే అన్నారు. ఆమె బతికిన ఆ కొద్ది ఏళ్లే ఇంటిని కాపాడాయి. ఆమె పోయాక వచ్చిన పాదిరి ఎఫ్. డబ్ల్యూ. బేనన్‌కు కూల్చడానికి మనసొప్పలేదు. బాగుచేయడానికి డబ్బు లేదు. ఎవరైనా పట్టించుకుంటారేమోనని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు.

ఆ ఉత్తరాలు వెళ్లిన చోటుకు ఒక పూర్వరంగం ఉంది. 19వ శతాబ్దపు ఇంగ్లండులో పాత చర్చీలను ‘పునరుద్ధరించే’ పిచ్చి పట్టుకుంది. గిల్బర్ట్ స్కాట్ వంటి పేరున్న వాస్తుశిల్పులు ఒక చర్చిలో 13వ శతాబ్దపు భాగం గొప్పదని తేల్చి, తర్వాతి నాలుగు వందల ఏళ్లలో చేరినవన్నీ పీకేసి, 13వ శతాబ్దంలో ఎలా ఉండేదో తామే ఊహించి కట్టేవారు. గోడల పాత గారను గీకేసి రాళ్లు బయటపెట్టేవారు. గీకడం అయ్యాక చర్చి మెరిసేది, దాని వయసు మాత్రం మాయమయ్యేది. కవి, నేతగాడు, అచ్చుపనివాడు, సోషలిస్టు అయిన విలియం మోరిస్‌కు ఇది చూసి ఒళ్లు మండింది. 1877 మార్చిలో ట్యూక్స్‌బరీ చర్చి మీద జరగబోతున్న ఇలాంటి పనిని ఖండిస్తూ పత్రికకు ఉత్తరం రాశాడు. అదే నెలలో మిత్రుడు ఫిలిప్ వెబ్‌తో కలిసి ప్రాచీన కట్టడాల రక్షణ సంఘం స్థాపించాడు. దానికి వాళ్లే పెట్టుకున్న ముద్దుపేరు ‘యాంటీ స్క్రేప్’, అంటే గీకుడు వ్యతిరేక సంఘం. వాళ్ల సూత్రం ఒక్కటే. పాత కట్టడానికి మరమ్మతు చెయ్యి, మారువేషం వేయకు. కప్పు కారకుండా, గోడ పడకుండా చూడు. కొత్తగా పెట్టినదాన్ని కొత్తదిగానే కనిపించనీ.

అదే 1877లో మన కృష్ణ ఒడ్డున ఏం జరుగుతోందో ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఆ ఏడే రాబర్ట్ సువెల్ అమరావతి స్తూపం దిబ్బ తవ్వుతున్నాడు. మూడేళ్ల తర్వాత మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ హుకుంతో మిగిలిన దిబ్బనూ ఖాళీ చేయించారు. స్తూపం ఉండాల్సిన చోట గొయ్యి మిగిలింది. అంతకు ముందే తవ్వి తీసిన పలకలు 1859లోనే లండన్ చేరాయి. లండన్‌లో గోడ గీకితే పత్రికలకు ఉత్తరాలు రాసేవాళ్లున్న రోజుల్లోనే ఇక్కడ స్తూపాన్ని తోడేశారు, ఉత్తరం రాసేవాడు లేడు.

సరే, ఆల్ఫ్రిస్టన్‌కు వద్దాం. బేనన్ ముందు మోరిస్ సంఘాన్ని ఆశ్రయించాడు. సంఘం సలహా ఇవ్వగలదు, ఇల్లు కొనే తాహతు దానికి లేదు. అప్పుడే, 1895 జనవరి 12న, ఇంకో సంస్థ నమోదైంది: నేషనల్ ట్రస్ట్. దాన్ని పుట్టించింది ముగ్గురు. లాయరు రాబర్ట్ హంటర్, సరస్సుల సీమలోని పాదిరి హార్డ్‌విక్ రాన్స్‌లీ, ఆక్టేవియా హిల్. ఆక్టేవియా లండన్ పేటల్లో పేదల అద్దె ఇళ్లను బాగుచేయించి నడిపిన మనిషి. కారే కప్పు, కుళ్లిన మెట్టు, వసూలు కాని అద్దె ఆమెకు పుస్తకంలో చదివిన విషయాలు కావు. ట్రస్ట్‌కు మొదట దక్కింది వేల్స్ తీరంలో నాలుగున్నర ఎకరాల కొండవాలు, అదీ ఒక ధనవంతురాలి దానం. కట్టడమంటూ కొన్నది మాత్రం ఇదే మొదటిది. కోట కొనలేదు, జమీందారు భవంతి కొనలేదు. కూలిపోతున్న పల్లెటూరి ఇల్లు కొన్నారు.

కొన్నాక చందాల కోసం ఆక్టేవియా ఊరూరా అడిగింది. కొన్న ధరకు మరమ్మతు ఖర్చు ఎన్నో రెట్లు. పని చూడడానికి మోరిస్ శిష్యబృందంలోని ఆల్ఫ్రెడ్ పావెల్ అనే వాస్తుశిల్పి వచ్చాడు. ఈయన తర్వాతి రోజుల్లో వెడ్జ్‌వుడ్ కుండల మీద బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నాడు, అది వేరే కథ. మోరిస్ ఆ ఏడు అక్టోబరులోనే కన్నుమూశాడు. తన మాట పట్టుకుని బాగుపడుతున్న ఇల్లు పూర్తవడం ఆయన చూడలేదు.

కర్రచట్రం ఇంటికి జబ్బు ఎక్కడ మొదలవుతుంది? అడుగున. గుంజలన్నీ నిలబడే అడుగు దూలం రాతి పునాది మీద ఉంటుంది. కాలక్రమంలో చుట్టూ మట్టి పెరిగి ఆ దూలాన్ని కప్పేస్తుంది. తడి పట్టి అది మెత్తబడుతుంది. దూలం కుంగితే గుంజ కుంగుతుంది, గుంజ కుంగితే కప్పు వంగుతుంది. దాని తర్వాత పురుగు వస్తుంది. ఓక్‌ను తొలిచే ఒక పెంకుపురుగు జత కోసం తలతో కర్రను టకటక కొడుతుంది. రాత్రుళ్లు రోగి మంచం పక్క మేలుకుని కూర్చున్నవాళ్లకు ఆ చప్పుడు వినిపించి, చావు గడియారమని పేరు పెట్టారు. పురుగు కొట్టేది ఇంటి చావు గంటే, మనిషిది కాదు.

దీనికి తెలివైన వైద్యం పాతది. మొత్తం గుంజ తీసేయక్కర్లేదు. కుళ్లినంత మేరకు కోసి, మిగిలిన ఆరోగ్యమైన కర్రకు కొత్త ఓక్ ముక్కను ఏటవాలు అతుకుతో కలిపి చీలలు దిగ్గొడతారు. మోకాలు దాకా కొత్త కాలు, పైన పాత ఒళ్లు. కొత్త ముక్కకు రంగు వేసి పాతదానిలా నటింపజేయరు. వందేళ్లు పోతే అదే బూడిదరంగు తిరుగుతుంది. తడికలో ఊడిన చోట మళ్లీ మట్టి, పేడ, గడ్డి. పైన సున్నం.

తెలివితక్కువ వైద్యం కూడా ఉంది, అది మనకు బాగా అలవాటైనది: సిమెంటు. సున్నం గార తడిని పీల్చి వదిలేస్తుంది, కర్ర ఊపిరాడుతుంది. సిమెంటు గట్టిగా బిగిసి, ఓక్ కదిలినప్పుడు సన్నటి పగుళ్లు తీస్తుంది. పగులులో నీరు దిగుతుంది, సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు. పైకి గోడ నున్నగా, లోపల దూలం పిండి. ఐదు వందల ఏళ్లు నిలిచిన ఇళ్లు 20వ శతాబ్దంలో ఇలా మంచి మనసుతో చేసిన మరమ్మతుకు చాలా పాడయ్యాయి.

మరో అపోహ రంగుది. క్యాలెండర్ల మీద ఇలాంటి ఇళ్లకు కర్రలు కాటుక నలుపు, గోడలు మల్లెపూవు తెలుపు. ఆ కొట్టొచ్చినట్టుండే నలుపు చాలా చోట్ల విక్టోరియా కాలపు సరదా. కెంట్, ససెక్స్ వైపు ఓక్‌ను ఉత్తగా వదిలేసేవారు, లేదా గోడతో పాటే సున్నం కొట్టేసేవారు. ఎండకూ వానకూ మాగిన ఓక్ వెండి బూడిద రంగులో ఉంటుంది. ఆల్ఫ్రిస్టన్ ఇల్లు చూడబోతే ముందు కళ్లు ఆ క్యాలెండరును మరిచిపోవాలి.

నేల గురించి చెప్పకపోతే మన ఆడవాళ్లు ఊరుకోరు. ఆ హాలు నేల సుద్దరాయిది. చుట్టూ గుట్టల్లో దొరికే సుద్దను దంచి, పరిచి, దిమ్మిస కొట్టి, మీద పులిసిన పాలు పోసి గట్టిపరిచారు. ససెక్స్ పాత పద్ధతి అది. పాలలోని మాంసకృత్తు సుద్దలోని సున్నంతో కలిసి జిగురులా పట్టేస్తుంది. మనవాళ్లు గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం పోసి గచ్చు వేశారు. వంటింటి సరుకుతో ఇంటి నేల గట్టిపడుతుందని ఇద్దరికీ ఎవరు చెప్పారో!

ఆ హాల్లో ఒక మూల దూలం మీద చిన్న ఓక్ ఆకు చెక్కి ఉంది. నేషనల్ ట్రస్ట్ గుర్తు కూడా ఓక్ ఆకే. దాన్ని జోసెఫ్ ఆర్మిటేజ్ అనే శిల్పి 1930లలో గీశాడు. ఆయనకు ప్రేరణ ఈ దూలం మీది ఆకే అని ఒక ముచ్చట వినిపిస్తుంది. అది రుజువైన సంగతి కాదు, ఓక్ ఆకు ఇంగ్లండులో ఎక్కడైనా దొరుకుతుంది. వినడానికి బాగుంటుంది కనుక ఎవరూ కాదనరు, నేనూ కాదనను.

ఆ పది పౌన్ల ఇంటితో మొదలైన సంస్థకు ఈనాడు 50 లక్షలకు పైగా సభ్యులున్నారు. 1907లో పార్లమెంటు చట్టం చేసి, ట్రస్ట్ తన ఆస్తులను విడదీయరానివిగా ప్రకటించుకునే అధికారం ఇచ్చింది. అంటే ఒకసారి అలా ప్రకటించాక ట్రస్ట్ కూడా వాటిని అమ్ముకోలేదు. మన దేశంలో 1984లో ఏర్పడిన వారసత్వ సంరక్షణ సంస్థ ఇన్‌టాక్ పేరులో ‘నేషనల్ ట్రస్ట్’ అన్న మాటలు ఊరికే పడలేదు.

ఇంకో దారి కూడా మన దాకా వచ్చింది. 1904లో మన ప్రాచీన కట్టడాల చట్టం తెచ్చిన వైస్రాయ్ కర్జన్, ఇంటికి తిరిగి వెళ్లాక ఇదే ససెక్స్‌లో బోడియమ్ కోటను కొని బాగుచేయించి, 1925లో పోతూ నేషనల్ ట్రస్ట్‌కు రాసిచ్చాడు. ఆయన ఏరి తెచ్చిన పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ 1923లో కట్టడాల సంరక్షణ మీద తన శాఖ ఉద్యోగులకు ఒక చేతిపుస్తకం రాశాడు. ఉన్నదాన్ని కాపాడు, లేనిదాన్ని ఊహించి కట్టకు అన్న మోరిస్ మాటే అందులో వినిపిస్తుంది. ఆ శాఖ కింద ఉన్న గుళ్లలో ఆ నియమం చాలావరకు నడిచింది. దాని బయట మనం ‘జీర్ణోద్ధరణ’ పేరుతో ఏం చేస్తున్నామో తెలిసిందే. ఇసుక తుపాకీతో రాతిని గీకి, శిల్పాల ముక్కులు చెరిపి, మీద ఎనామిల్ రంగులు పూసి, కింద గ్రానైట్ పలకలు పరుస్తున్నాం. జీర్ణించినదాన్ని ఉద్ధరించమన్నారు పెద్దలు, గీకమనలేదు. మోరిస్ ఉంటే ఇక్కడ ఒక శాఖ తెరిచేవాడు.

ఇళ్ల సంగతి ఇంకా తేలిక. తెలంగాణలో గడి అయినా, కోస్తాలో మండువా లోగిలి అయినా, వాటాల దగ్గర పేచీ రాగానే విప్పుడు మొదలవుతుంది. చెక్కిన ద్వారబంధం పాత సామాన్ల కొట్టుకు, టేకు దూలాలు కోత మిల్లుకు, పెంకులు కోళ్ల ఫారానికి. ఆల్ఫ్రిస్టన్ ఇంటి కన్నా నగిషీ ఎక్కువున్న ఇళ్లు మనవి. వాటికి ఒక బేనన్, ఒక ముసలమ్మ దొరకలేదు.

పాఠకులకు ఒక విన్నపం. మీ ఊళ్లో పాత ఇల్లు విప్పుతున్నారని తెలిస్తే, ఆపగలిగితే ఆపండి. ఆపలేకపోతే కనీసం ఒక పూట వెళ్లి టేపు పట్టి గదుల కొలతలు రాసుకోండి. దూలాల అతుకులు, తలుపులు, అటక, నేల, అన్నీ ఫోటోలు తీయండి. వడ్రంగి ఎవరో, కర్ర ఎక్కడి నుంచి వచ్చిందో ఇంటి పెద్దవాళ్లను అడిగి రాయండి. ఆ కాగితం ఇంట్లో ఒక మనిషికి, ఊరి గ్రంథాలయానికి ఒక ప్రతి ఇవ్వండి.

వచ్చే భాగంలో ఇంకో వీల్డెన్ ఇల్లు, పేరు బేలీఫ్. కెంట్‌లో జలాశయం కడుతున్నారని 1960ల చివర దాన్ని చీల చీలగా విప్పి, కర్రలకు అంకెలు వేసి, ససెక్స్‌లో సింగిల్టన్ దగ్గర మ్యూజియంలో 1972 నాటికి మళ్లీ నిలబెట్టారు. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు నాగార్జునకొండ కట్టడాలను గుట్ట మీదికీ అనుపు ఒడ్డుకూ తరలించిన కథ తెలిసినవాళ్లకు అది కొత్తగా అనిపించదు. రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూద్దాం.